పొటెన్షియల్: నిర్వచనం కంఠస్థం, భావన దూరం

"ప్రమాణ ధనావేశాన్ని అనంతం నుంచి ఒక బిందువు వద్దకు తీసుకురావడానికి చేయవలసిన పనిని ఆ బిందువు వద్ద విద్యుత్ పొటెన్షియల్ అంటారు." ఈ వాక్యం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో దొరికే గైడ్లలోనూ, కోచింగ్ నోట్సుల్లోనూ ఇదే ఉంటుంది. పరీక్షలో దీనికి మార్కులు వస్తాయి. ఉద్యోగం చేసుకుంటూ చదివే విద్యార్థికి తక్కువ సమయంలో ఎక్కువ విషయం అందించడంలో గైడ్లు చేసే మేలును నేను కాదనను. అయితే ఈ ఒక్క వాక్యంతో పాఠం ముగించడం వల్ల ఆ భావనలోని మూడు ముఖ్యాంశాలు విద్యార్థికి అందకుండా పోతున్నాయి. వాటిని ఇక్కడ పరిశీలిద్దాం.

మొదటిది: సున్న ఎక్కడ?

హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్ర మట్టానికి 513.41 మీటర్లు. చెరువు నుంచి వెలువడే మిగులు నీటి నాలా దోమలగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల మీదుగా సాగి చివరకు మూసీలో కలుస్తుంది. ఆ నాలా పక్కన ఒక ఇంటి గడప 505 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. సముద్ర మట్టాన్ని సున్నగా తీసుకుంటే, కిలోగ్రాము నీటికి గురుత్వ పొటెన్షియల్ చెరువు దగ్గర సుమారు 5,031 జౌళ్లు, గడప దగ్గర 4,949 జౌళ్లు. గడపనే సున్నగా తీసుకుంటే చెరువు దగ్గర 82.4 జౌళ్లు. అనంతాన్ని సున్నగా తీసుకుంటే రెండుచోట్లా విలువ మైనస్ 6 కోట్ల జౌళ్లు దాటుతుంది. మూడు లెక్కల్లోనూ మారనిది ఒక్కటే: రెండు స్థానాల మధ్య భేదం, 82.4 జౌళ్లు. నీరు పల్లమెరుగు అంటాం. నీరు ఎరిగేది ఆ భేదాన్నే. మనం సున్న ఎక్కడ పెట్టామో దానికి పట్టదు.

కాబట్టి నిర్వచనంలోని 'అనంతం' మన ఎంపిక మాత్రమే. పరిమిత ప్రదేశంలో ఉన్న ఆవేశాలకు అది సౌకర్యమైన ఎంపిక. అనంతమైన పొడవున్న ఆవేశిత తీగ విషయంలో ఆ సౌకర్యం పోతుంది. అక్కడ పొటెన్షియల్ దూరం యొక్క సంవర్గమానంతో మారుతుంది కనుక అనంతం వద్ద సున్న పెట్టడం కుదరదు. ఒక పరిమిత దూరం వద్ద పెట్టుకోవాలి. నిర్వచనాన్ని మాత్రమే నేర్చుకున్న విద్యార్థి ఈ లెక్క దగ్గర ఆగిపోతాడు. లోపం అతని తెలివిలో లేదు, పాఠంలో ఉంది.

రెండవది: ముందు ఏది పుట్టింది?

స్థితిజ శక్తి చెప్పి, దాన్ని ఆవేశంతో భాగించి పొటెన్షియల్‌ను రాబట్టడం మన పాఠ్యక్రమం. చరిత్ర ఇందుకు భిన్నంగా నడిచింది. అవకలనం చేస్తే గురుత్వ బలాన్ని ఇచ్చే ప్రమేయాన్ని 18వ శతాబ్దంలోనే లగ్రాంజ్, లాప్లాస్ వాడారు. ఆ రకం ప్రమేయాన్ని విద్యుత్తుకు అన్వయించి 'పొటెన్షియల్ ప్రమేయం' అని పేరు పెట్టినవాడు జార్జ్ గ్రీన్, 1828లో. 'పొటెన్షియల్ ఎనర్జీ' అనే మాటను రాంకిన్ ప్రవేశపెట్టినది 1853లో. అంటే పొటెన్షియల్ అనే మాట మొదట దాగిన శక్తికి పేరు కాదు. ప్రతి బిందువు వద్ద ఒకే ఒక అదిశ విలువ ఇచ్చి, దాని ప్రవణత నుంచి బలం యొక్క మూడు అంశాలనూ రాబట్టే ప్రమేయానికి పేరు. మూడింటి పని ఒకటి చేయడంలోనే దాని ప్రయోజనమంతా ఉంది.

గ్రీన్ నాటింగ్‌హామ్‌లో రొట్టెల వ్యాపారి కొడుకు, పిండిమర నడిపినవాడు. బాల్యంలో సుమారు ఏడాది పాటు మాత్రమే బడికి వెళ్లాడు. చందా గ్రంథాలయంలో సభ్యుడై సొంతంగా చదువుకున్నాడు. తన గ్రంథం వెలువడిన తరువాత, 40వ ఏట కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు కోసం పొద్దున్నే వచ్చే మీబోటివారికి ఈ విషయం తెలియడం మంచిది.

మూడవది: షరతు ఏమిటి?

నారాయణగూడ నుంచి అశోక్‌నగర్‌కు చిక్కడపల్లి మీదుగా వెళ్లినా, హిమాయత్‌నగర్, దోమలగూడ మీదుగా చుట్టు తిరిగి వెళ్లినా గురుత్వ బలం మీపై చేసే పని ఒక్కటే. ఆటో మీటరు మాత్రం దారిని బట్టి మారుతుంది. మొదటి రకానికే పొటెన్షియల్ ఉంటుంది. ఘర్షణ రెండో రకం. దానికి పొటెన్షియల్ లేదు. నిత్యత్వ బలాలకే పొటెన్షియల్ అన్న ఈ షరతును గైడ్లు ఒక పంక్తిలో దాటేస్తాయి.

అంతకన్నా పెద్ద నష్టం, గణితానికీ భౌతికశాస్త్రానికీ మధ్య కట్టిన గోడ. గణితంలో మీరు ఎగ్జాక్ట్ అవకలన సమీకరణాలు చదివారు. డీఎక్స్ గుణకాన్ని వై దృష్ట్యా, డీవై గుణకాన్ని ఎక్స్ దృష్ట్యా పాక్షిక అవకలనం చేసి రెండూ సమానమో కాదో చూశారు. అది, ఆ రెండు గుణకాలు అంశాలుగా గల సదిశ క్షేత్రానికి పొటెన్షియల్ ఉందా అన్న పరీక్షే. మీరు కనుక్కున్న సాధన వక్రాలు సమపొటెన్షియల్ రేఖలు. రెండు పుస్తకాలూ ఈ మాట చెప్పవు.

ఆ పరీక్షకూ ఒక హద్దు ఉంది. విద్యుత్తు ప్రవహించే పొడవైన తిన్నని తీగ వెలుపల అయస్కాంత క్షేత్రపు కర్ల్ ప్రతి బిందువు వద్దా సున్నే. అయినా తీగ చుట్టూ ఒక చుట్టు తిరిగితే రేఖా సమాకలని సున్న కాదు. తీగ ఉన్నచోట ప్రదేశానికి రంధ్రం పడింది కనుక ఆ ప్రదేశమంతటికీ ఏకమూల్య పొటెన్షియల్ సాధ్యం కాదు. రంధ్రాలు లేని ప్రదేశంలోనే ఆ పరీక్ష చాలుతుంది.

ఇక పరిభాష గురించి ఒక మాట. 'స్థితిజ శక్తి' చక్కని తెలుగు పదం. శక్తికి కారణం స్థితి అని పదమే చెబుతుంది. 'పొటెన్షియల్' అలా ఏమీ చెప్పదు. అందుకే ఆ పదం ఎదురైనప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోండి: సున్న ఎక్కడ? దీని ప్రవణత ఏ క్షేత్రాన్ని ఇస్తుంది? దారి మారితే ఫలితం మారుతుందా?

స్వయం సమీక్ష: పై గడప ఎత్తు 505కు బదులు 503 మీటర్లయితే భేదం ఎంత? సున్నను సముద్ర మట్టం నుంచి గడపకు మారిస్తే మీ జవాబు మారుతుందా? కారణాన్ని మీ సొంత మాటల్లో, నిర్వచనాన్ని అప్పగించకుండా రాయండి.