ఏళ్లు లెక్కగట్టి నాటే తోట

పలాసలో జాతీయ రహదారి వదిలి సముద్రం వైపు సాగితే వజ్రపుకొత్తూరు, ఇంకాస్త ఉత్తరాన మందస, సోంపేట, కవిటి. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస, మామిడి. ఈ ప్రాంతం పేరు ఉద్దానం, ఉద్యానవనం అన్న మాటే జనం నోట అలా అయిందంటారు. పైకి అడవిలా కనిపిస్తుంది గానీ, ఇక్కడి పాత తోటల్లో ఏ చెట్టు పక్కన ఏది ఉండాలో పెద్దలు ముందే అనుకుని నాటారు.

కొబ్బరి మొక్కల మధ్య పాతిక అడుగులు వదులుతారు. మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడు చూస్తే నేలంతా బీడు పెట్టినట్టే ఉంటుంది. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అన్నాళ్లూ ఇల్లు గడవాలి. అందుకే మధ్యలో అరటి వేస్తారు, ఏడాది తిరిగేసరికి గెల చేతికొస్తుంది. కొబ్బరి ఎదిగి నీడ పరిచాక ఆ నీడకు ఓర్చే కంద, పసుపు, అనాస దిగుతాయి. పనస గుబురు కింద మరే పంటా సరిగా ఎదగదు కనుక దానికి గట్టు చోటు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గర్లోనే తీరం దాటింది. తాతలు నాటిన చెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. కొబ్బరి మళ్లీ నాటిన రైతు ఆ ఆరేడేళ్ల లెక్కను కూడా మొదటినుంచి మొదలుపెట్టాడు.

జీడి సంగతి వేరు, దానికి నీడ అసలు పనికిరాదు. పూత కొత్త చిగుళ్ల చివర్లకు వస్తుంది. పక్క చెట్ల కొమ్మలు కలిసిపోతే ఎండ తగిలే పైభాగమే కాస్తుంది, లోపలంతా ఉత్త ఆకే. అందుకని ఏడెనిమిది మీటర్ల ఎడం కావాలి. కాపు అయిపోయాక ఎండు కొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడ్డవీ నరకాలి. అంటు మొక్క నాటేటప్పుడు అతుకు మట్టిలో కూరుకుపోకూడదు. అతుకు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి, లేకపోతే మేలురకం అణిగిపోయి అడుగు మొక్కే చెట్టవుతుంది. ఇసుక నేలలో హాయిగా బతికే జీడి, నీరు నిలిచే పల్లంలో నిలవదు.

వేసవిలో పండు తనంతట తాను రాలేదాకా ఆగాలి. తొందరపడి కోస్తే పప్పు నిండదు. రాలిన పండు నుంచి పిక్కను మెలిపెట్టి తీసి, రెండు మూడు రోజులు ఎండబెట్టి, 80 కిలోల బస్తాల లెక్కన అమ్ముతారు. పలాస, కాశీబుగ్గల్లో వాటిని పప్పు చేస్తారు.

నన్ను బాధపెట్టేది పండు. నారింజను మించి సి విటమిన్ ఉన్న పండు, మర్నాటికే మెత్తబడి పాడవుతుంది గనుక సంతకు చేరక చెట్టు కిందే కుళ్లిపోతుంది. గోవాలో దీనితో ఫెనీ అనే సారా కాస్తారు. పండు తింటే గొంతు పట్టే వగరుకు విరుగుడు మన ఇళ్లలోనే ఉంది, ముక్కలు కోసి ఉప్పు రాస్తే చాలు. ఏప్రిల్‌లో ఉద్దానం వెళ్తే పప్పు పొట్లం కొనే ముందు ఏ తోటలోనైనా దిగి, పొద్దున రాలిన పండు ఒకటి అడిగి తినండి. రసం చొక్కా మీద పడనివ్వకండి, ఆ మరక ఉతికినా పోదు.