బరువు మోసే గొలుసు

బుట్టకమ్మల్ని షాపులో అందరూ ముందునుంచే చూస్తారు. బుట్ట గుండ్రంగా తిరిగిందా, కెంపుల్లో ఎరుపు ఒక్కతీరుగా ఉందా, అంచున ముత్యాలు వరసగా ఊగుతున్నాయా అని. పనివాడి చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే మాత్రం వెనక్కి తిప్పి చూడాలి. ముఖ్యంగా వాటితోపాటు వచ్చే చెంపస్వరాలను వేళ్ల మధ్యనుంచి మెల్లగా జారనిచ్చి చూడాలి. కమ్మ నుంచి బయలుదేరి, చెవి మీదుగా పోయి, జుట్టులో కొక్కెంతో తగులుకునే ఆ గొలుసు ఉత్త సింగారమని చాలామంది అనుకుంటారు. నగ బరువులో పెద్ద వాటా మోసేది అదే.

చెవి తమ్మెలో ఎముక లేదు, మృదులాస్థీ లేదు. చర్మం, కాస్త కొవ్వు, అంతే. జత రెండు కాసులైతే ఒక్కో చెవికి 8 గ్రాములు. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా అదంతా ఒక్క కన్నం మీద వేలాడితే తమ్మె గుంజుకుపోతుంది. ఏళ్ల తరబడి వేలాడితే కన్నం సాగి, ఒక్కోసారి తెగుతుంది కూడా. ఆ బరువును తమ్మె మీంచి తప్పించి తలకు అప్పజెప్పాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గానీ, ఆ బుర్రకు దణ్ణం పెట్టాలి.

అయితే కొలత తప్పితే ఆ ఆలోచన ఎందుకూ కొరగాదు. గొలుసు ఒక్క సెంటీమీటరు పొడవైనా వదులుగా వేలాడుతుంది, బరువు మళ్లీ తమ్మె మీదికే వస్తుంది. పొట్టిదైతే కమ్మ పైకి లాగినట్టై, బుట్ట ఒక పక్కకు ఒరుగుతుంది. చెవి ఎత్తు, జుట్టు ఒత్తు అందరికీ ఒకేలా ఉండవు. అందుకే తెలిసిన కంసాలి గొలుసు చివర రెండు మూడు రింగులు అదనంగా వదులుతాడు, కొక్కేన్ని ఎవరికి సరిపోయిన చోట వారు తగిలించుకునేలా.

ఇక ఆ రింగుల సంగతి. 22 క్యారట్ల బంగారంలో వెయ్యికి 916 పాళ్లు మేలిమి. కడ్డీని కమ్మచ్చులో పెద్ద కన్నం నుంచి చిన్న కన్నానికి వరసగా దూర్చి లాగుతూ తీగ తీస్తారు. లాగేకొద్దీ తీగ బిరుసెక్కుతుంది, మధ్యమధ్య కాల్చి మెత్తబరచకపోతే పుటుక్కున తెగుతుంది. ఆ తీగను సన్నని చువ్వకు దగ్గరదగ్గరగా చుట్టి, చుట్టల్ని నిలువునా కోస్తే రింగులు విడివడతాయి. ఒక్కోదాన్ని ముందుదానిలో దూర్చి, నోరు కలిపి, వెలిగారం రాసి, కంటికి ఆననంత టంకం పెట్టి, ఊదుగొట్టంతో మంటను దానిమీదికి ఊదాలి. మేలిమి బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 22 క్యారట్లది అంతకన్నా ముందే. టంకం ఇంకాస్త ముందు కరగాలి. ఈ రెండు వేడిమిల మధ్య ఉన్న ఇరుకులోనే పనంతా అయిపోవాలి. మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిచిందా, రింగు ముద్దైపోతుంది. తక్కువైతే అతుకు అతికినట్టే కనబడి పెళ్లిపందిట్లో ఊడుతుంది. మంచి గొలుసును భూతద్దం కింద పెట్టి రింగు చుట్టూ చూపు తిప్పితే అతుకు ఎక్కడుందో దొరకదు. నాకు నగిషీ చెక్కడం కన్నా ఇదే పెద్ద విద్యగా తోస్తుంది.

ముక్కుపుడకది వేరే చిక్కు. అక్కడ బరువు కన్నా చోటుతోనే ఇబ్బంది. ఏడు రాళ్ల పుడకను తీసుకోండి. నడుమ ఒకటి, చుట్టూ ఆరు. ఒకే సైజు గుండ్రాలైతే సరిగ్గా ఆరే నడిమిదాన్నీ పక్కవాటినీ తాకుతూ చుట్టూ అమరుతాయి. ఐదైతే సందు మిగులుతుంది, ఏడు పట్టవు. కాబట్టి రాళ్లు ఏరడంలోనే సగం పని ఉంది. ఒక్క రాయి వెంట్రుకవాసి చిన్నదైనా అటుపక్క నల్లగా సందు కనబడుతుంది, ముఖం మధ్యలో ఉండే నగ గనక అందరి చూపూ అక్కడే పడుతుంది. ఇక లోపలి సీల ఎవరికీ కనబడదు, కానీ రాత్రీ పగలూ చర్మానికి తగిలేది అదే. దాని అంచుల్ని ఆకురాయితో నునుపు చేశాడా లేదా అన్నది పెట్టుకున్నావిడకే తెలుస్తుంది. మెత్తని బంగారంలో మరలు త్వరగా అరుగుతాయి కాబట్టి సీలను 18 క్యారట్లలో చేయించుకోవడం తెలివైన పని.

నత్తు దగ్గర ముక్కూ చెవీ నగల పద్ధతులు కలుస్తాయి. ముత్యాలూ కెంపూ గుచ్చిన పెద్ద రింగు ముక్కుకు బరువే. అందుకే హైదరాబాదు పెళ్లికూతురు నత్తుకు ఒక ముత్యాల పేట కట్టి జుట్టులోకి తగిలిస్తారు. అక్కడి కరన్‌ఫూల్ ఝుమ్కాలకు ఉండే సహారాలనే పేటలదీ ఇదే పని. బులాకీకి ఆ ఆసరా లేదు. రెండు ముక్కుపుటాల నడుమనుంచి వేలాడుతూ పైపెదవికి కాస్త ఎగువనే ఆగాలి గనక దాన్ని తేలికగా చేయడం ఒక్కటే మార్గం.

వీటన్నిటికీ గట్టి పరీక్ష కూచిపూడి వేదిక మీద. సత్యభామ మెడ విసురుగా తిప్పినప్పుడు బుట్ట ఊగాలి, చెంపకు కొట్టకూడదు. నాట్యానికి వాడే ఎర్రరాళ్ల నగలకు నాగర్‌కోయిల్‌లోని వడశేరి పేరుమోసింది. మనకు బందరు పక్కన చిలకలపూడి ఉంది. రాగి, ఇత్తడి మీద బంగారు పూతే అయినా గొలుసు గొలుసే, దాని అతుకుల్నీ కొలతల్నీ ఇదే కంటితో చూడాలి. నన్ను బాధపెట్టేది ఈమధ్య షాపుల్లో కనబడే బిరుసు చెంపస్వరాలు. అచ్చులో ఒకే ముక్కగా పోతపోసి, వంపు తిప్పి, చివర పేరుకో కొక్కెం పెట్టినవి. ఫొటోలో బాగుంటాయి, చెవికి మాత్రం ఆసరా ఇవ్వవు.

కొనేటప్పుడు కమ్మలు పెట్టుకుని, కొక్కెం జుట్టులో తగిలించి, తల నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి చూడండి. తమ్మె మీద బరువు తగ్గినట్టు తెలియాలి. తెలియకపోతే గొలుసు సరిచేసి ఇమ్మని అడగండి. ఒకటి రెండు రింగులు తీయడం కంసాలికి కష్టమైన పనేమీ కాదు.