బాల్యపఠనమును నీతిచంద్రికయు

బాలురకుఁ గథలు చెప్పుటకుఁ గారణమేమో హితోపదేశకర్త గ్రంథారంభముననే సూచించియున్నాఁడు. క్రొత్తకుండపైఁ బడిన గుఱుతు మాయనట్లే బాల్యమునఁ గలిగిన సంస్కారము మాయదనియు, అందుచేతఁ గథానెపమున బాలురకు నీతి చెప్పవలయుననియు నాతని మతము. బాల్యమునఁ జదివిన పుస్తకములు పిదపటి జీవితమున కెట్లుపకరించునని ప్రశ్నించినవారికెల్ల నీ దృష్టాంతమే యుత్తరముగాఁ జెప్పఁబడుచున్నది. అయిన నిది సగము సత్యమే. కుండపై గుఱుతు పడిననాఁ డెట్లుండునో, కుండ పగిలిననాఁడు నట్లే యుండును. చదివిన కథ యట్లుండక చదువరితోపాటు పెరుఁగును. ఈ భేదమును గుఱుతింపమిచేతనే పాఠశాలలలోఁ గథాబోధనము కొంత దారితప్పినది. దీనిని నిరూపించుటకుఁ జిన్నయసూరి నీతిచంద్రిక మిక్కిలి తగిన గ్రంథము.

1853వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడిన యీ గ్రంథమున మిత్రలాభము, మిత్రభేదము నను రెండు భాగములే కలవు. విగ్రహమును సంధియుఁ బిదపఁ గందుకూరి వీరేశలింగముగారు రచించిరి. ఆంధ్రదేశమునఁ బలుతరముల బాలురు దీనిని బాఠ్యగ్రంథముగాఁ జదివిరి. పాటలీపుత్రాధీశుఁడైన సుదర్శనుఁడు చదువునొల్లని కుమారులను విష్ణుశర్మ కప్పగించుటయు, ఆతఁ డాఱు నెలలలో వారిని నీతివిదులఁ జేసెదనని పూనుకొనుటయుఁ గథాముఖము. ఇచటఁ గమనింపఁదగిన దొకటి కలదు. విష్ణుశర్మ కథ ముగిసినప్పుడెల్ల నీతి నొప్పగింపుమని శిష్యులను నిర్బంధింపలేదు. 'అదెట్లు?' అని కథలోనివా రడుగుదురు. ఆ ప్రశ్నతోడనే మఱియొక కథ మొదలగును. బోధనమంతయు వినఁగోరువాని కుతూహలముపై నడచుచున్నది.

మిత్రలాభమునఁ బావురముల కథను జూడఁదగును. నేలపైఁ జల్లిన నూకలను జూచి పావురము లాశపడినవి. రాజైన చిత్రగ్రీవుఁడు వలదన్నను వినక వ్రాలి వలఁ జిక్కుకొన్నవి. అంతట నాతఁ డన్నిటిని నొక్కమాఱుగా నెగిరి వలనే యెత్తికొనిపోవుఁడని యుపాయము చెప్పెను. ఎనిమిదేండ్ల బాలునకు రుచించునది వలతోఁగూడ నాకసమున కెగసిన యా గుంపే. పిదప హిరణ్యకుఁడను నెలుక చెలికాని బంధములను మొదటఁ గొఱుకఁబోఁగా, ముందుగాఁ దన యాశ్రితుల బంధములను విడిపింపుమని చిత్రగ్రీవుఁడు కోరును. బాలుఁ డీ మాటను జదివి ముందునకు సాగిపోవును. అది యాతనిని నిలుపదు. ముప్పదియేండ్లకు నా బాలుఁడే యొక కుటుంబమునకో, గ్రామమునకో, పాఠశాలకో పెద్దయై, కష్టకాలమున నెవరి ముడి ముందు విప్పవలయునను సందేహమునఁ బడినప్పుడు, ఆ మాట యర్థమగును. అర్థము నాఁడు పుట్టినను, దానికిఁ గావలసిన కథ బాల్యముననే లోపలఁ జేరియున్నది. అట్టి కథ లేనివాఁడు తన సందేహమును బేరులేని బాధగా ననుభవించును. ఉన్నవాఁడు దానిని బోల్చుకొనఁగలఁడు. బాల్యపఠనమువలని ఫల మనఁగా నిదియే.

మిత్రభేద మింతకంటెఁ గఠినమైన సాక్ష్యము. పింగళకుఁడను సింహమునకును సంజీవకుఁడను నెద్దునకును గలిగిన చెలిమిని దమనకుఁడను నక్క కొండెములతోఁ జెఱుచును. సింహ మెద్దును జంపును, చంపి వగచును. సంస్కృతమూలములందు దమనకునకు దండనము లేదు సరికదా, రాజు నూఱడించువాఁడును నాతఁడే. 'ఈ కథవలని నీతి యేమి?' యను ప్రశ్నకుఁ 'గొండెములు వినరాదు' అను నుత్తరమును వల్లెవేయించుట పాఠశాలలలో వాడుక. ఆ యుత్తరము తప్పు కాదు. కాని కథ యంతకంటెఁ బెద్దది. పింగళకుఁడు తొలుత నెద్దు ఱంకె విని జంకినవాఁడు. ఆ జంకును గనిపెట్టినవాఁడు దమనకుఁడు. కొండెము వినువాని భయమునే యాధారముగాఁ గొనుననియు, మిత్రు లొండొరుల నడుగక నడిమివానిని నమ్ముటచేతఁ జెడుదురనియు నీ కథ చూపుచున్నది. అపరాధి తప్పించుకొనుటఁ జూచి బాలుఁడు కలవరపడును. ఆ కలవరమును నీతివాక్యముతోఁ గప్పివేయుట తొందరపాటు. అన్యాయము గెలిచిన కథను దొలుతఁ బుస్తకమునఁ జూచినవాఁడు, లోకమున దానిని జూచినప్పుడు బొత్తిగా దిగ్భ్రాంతుఁడు కాఁడు.

ఇచట నొక యాక్షేపము కలదు. గ్రాంథికభాష బాలుర నోటిమాటకు దూరమై చదువునకు నడ్డమగుచున్నదని గిడుగు రామమూర్తిగారు మొదలగువారు వాదించిరి. ఇది త్రోసివేయఁదగిన మాట కాదు. అర్థము బొత్తిగాఁ దెలియని చదువు నిష్ఫలము. ఐనను గథ నడచుచున్నంతవఱకు బాలుఁడు పుస్తకమును విడువఁడు. తెలియని మాటను ముందువెనుకలను బట్టి యూహించుకొనును; ఆ యూహయే భాషాభ్యాసము. చేయి చాఁచినను నందని పుస్తకము బాలునకు నిరుపయోగము. చాఁచిన నందునది యుపకారకము. నీతిచంద్రిక యేకోవలోనిదో నిర్ణయించుట బాలుని వయస్సును, శిక్షణమును బట్టి యుండును. కాని దానిని బాలురకుఁ జేదు చేసినది సమాసములకంటె, వాక్యవాక్యమునకు నిలిపి సంధి విడఁదీయుము, విగ్రహము చెప్పుము అను పద్ధతి. సంజీవకుఁడు ప్రాణము విడుచుచుండఁగా బాలుఁడు సమాసనామమును వెదకవలసివచ్చినది!

ఈ విషయమున బేతాళకథల రీతి మేలైనది. బేతాళుఁడు కథ ముగించి నీతి చెప్పఁడు; ప్రశ్న యడుగును. విక్రమార్కుఁడు నోరు తెఱచులోపలఁ జదువరియుఁ దనలోఁ దాను దీర్పు చెప్పుకొనును. 1947 జూలైలో మదరాసున నారంభమైన చందమామ యీ చట్టమునే గైకొని పెక్కేండ్లు బేతాళకథలను బ్రకటించెను. ఆ పత్రిక ప్రచురణము పిదప నిలిచిపోయినను, ఎవరును బరీక్షింపని యా చదువు బాలురకు స్వయముగాఁ దీర్పుచెప్పు నలవాటును నేర్పినది.

కావునఁ బాఠశాలాపండితులు యోచింపఁదగిన మార్గ మిది. కథను దొలుత నడ్డులేక తుదిదాఁకఁ జదువనీయవలయును. వ్యాకరణమును రెండవ పఠనమునకు నుంచవలయును. నీతి యేమని యడుగుటకు మాఱుగాఁ జిత్రగ్రీవుఁ డట్లేల కోరెనో, పింగళకుఁడు సంజీవకునే యేల యడుగఁడయ్యెనో యడుగవలయును. బాలుఁ డుత్తరము చెప్పలేకపోయినను దోషము లేదు. ప్రశ్న యాతనియొద్ద నుండును. సుదర్శనుని కుమారులకు నాఱు నెలలు చాలినవి. ఇతరులకు నలువదియేండ్లు పట్టవచ్చును. అంతకాలము కథ లోపల నిలిచియుండవలయునన్నచో, దానిని బాలుఁ డిష్టముతోఁ జదివియుండుట ముఖ్యము.