తెర మీది పాట, చెరువు గట్టు పాట

శుక్రవారం దూరదర్శన్‌లో చిత్రలహరి వస్తుందంటే పెందలాడే అన్నాలు తినేసి టీవీ ముందు చేరిన తరం మాది. పాటను చూడటమంటే మాకు అదే. వారానికి ఒకసారి, నాలుగైదు సినిమా పాటలు, అదీ మధ్యలో కరెంటు పోకపోతే. ఆ ఇంటి వెనక దొడ్లోనే మా అమ్మమ్మ పల్లీలు ఒలుస్తూ పాడుకునే పాటలు వేరే ఉండేవి. వాటిని వినేవాళ్లం, ఒక్కోసారి వంత పాడేవాళ్లం. అవి కూడా చూడదగ్గవేనని మాలో ఎవరికీ తోచలేదు. సినిమా పాటకు బొమ్మ ఉండేది, అమ్మమ్మ పాటకు గొంతు ఉండేది. రెంటికీ మధ్య ఇంటి గోడంత గోడ.

ఇవాళ ఫోన్లో ఆ రెండూ ఒకదాని కింద ఒకటి వస్తున్నాయి. పైన పెద్ద హీరో సినిమా పాట, దాని కిందే ఏదో పల్లెలో తీసిన ఫోక్ సాంగ్. మ్యూజిక్ వీడియో కాలం చెల్లిందన్న మాట పడమటి దేశాల నుంచి అప్పుడప్పుడూ వినబడుతుంటుంది. 1981 ఆగస్టు 1న పాటల కోసమే పుట్టిన ఎంటీవీ, పాటలు తగ్గించుకుని రియాలిటీ షోల వైపు మళ్లి చాలా ఏళ్లయింది. మన దగ్గర మాత్రం పాట వినడమంటే చూడటమే అయిపోయింది. అలా చూసే అలవాటు ముదిరిన ఈ పదేళ్లలో, మన సినిమా పాటలూ మన జానపద వీడియోలూ పక్కపక్కన నడుస్తూ ఒకదాని బట్టలు ఒకటి తొడుక్కున్నాయి. ఈ మార్పిడి నాకు సంతోషమూ కలిగిస్తోంది, కొంత బెంగా పెడుతోంది.

ముందు సినిమా వైపు చూద్దాం. ఒకప్పుడు పాట పూర్తి బొమ్మతో సినిమా హాల్లోనే ఎదురయ్యేది. ఇప్పుడు సినిమా కంటే నెలల ముందే లిరికల్ వీడియోగా వస్తుంది. ‘అల వైకుంఠపురములో’ సినిమా 2020 జనవరి 12న విడుదలైంది. అందులోని ‘సామజవరగమన’ 2019 సెప్టెంబరులోనే మన ఇళ్లలోకి వచ్చేసింది. ఆ వీడియోలో హీరో లేడు, హీరోయిన్ లేదు. సిద్ శ్రీరామ్ నిలబడి పాడుతుంటాడు, చుట్టూ వాయిద్యాల వాళ్లు, తమన్, తెర మీద సిరివెన్నెల మాటలు. మూడు నెలలు జనం ఆ గాయకుడి ముఖాన్నే పాట ముఖంగా చూసుకున్నారు. తర్వాత పారిస్‌లో తీసిన అసలు చిత్రీకరణ వచ్చినప్పుడు, ముందు చూసిందే బాగుందన్నవాళ్లు నాకు చాలామంది తగిలారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. కళ్లు మూసుకుని పాడుతున్న మనిషిని చూస్తుంటే ఆ పాటలోని బతిమాలుకోవడం అంతా అర్థమైంది. పారిస్ వీధులు దానికి ఏమీ కలపలేదు.

తొంభై ఏళ్లుగా బొమ్మనే నమ్ముకున్న సినిమా ఇలా బొమ్మను పక్కనబెట్టి అక్షరాన్ని తెర మీదికి తెచ్చింది. పాట రచయితకు ఇంతకంటే గౌరవం ఏముంటుంది? కాకపోతే ఆ అక్షరాలు చాలాసార్లు ఇంగ్లీషు లిపిలో పరుగెడుతుంటాయి. ళకూ లకూ, ణకూ నకూ తేడా లేని ఆ లిపిలో తెలుగు పాట చదువుతుంటే పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. తెలుగు చదవడం రాని పిల్లలు ఇక్కడా ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు, నిజమే. రెండు లిపులూ చూపించడానికి తెరలో చోటు లేదా?

జానపదం సరిగ్గా దీనికి ఎదురు దారిలో వచ్చింది. అక్షరం ఎరగని పాట అది. నాట్లలో, తిరగలి దగ్గర, బతుకమ్మ చుట్టూ నోటినుంచి నోటికి నడిచింది. తర్వాత క్యాసెట్లలోకి, జాతరల్లో అమ్మే వీసీడీల్లోకి ఎక్కింది. ఇప్పుడు అది నిండా బొమ్మ. హీరో ఉంటాడు, హీరోయిన్ ఉంటుంది, పాట మొదలయ్యే ముందు నిమిషం పాటు కథ ఉంటుంది, అలక ఉంటుంది, కాళ్ల పట్టీలు దగ్గరగా చూపించే షాట్ ఉంటుంది. సినిమా వదిలేస్తున్న సరంజామా అంతా పల్లె పాట ఏరి తెచ్చుకుంది.

రెండేళ్ల కిందట సిరిసిల్ల దారిలో ఒక చెరువు గట్టు మీద అలాంటి షూటింగ్ ఒకటి చూశాను. మొత్తం ఎనిమిది మంది. ఒక కెమెరా, చేత్తో పట్టుకునే గింబల్, ఒక డ్రోన్, పాట వినిపించడానికి బైకు సీటు మీద పెట్టిన బ్లూటూత్ స్పీకర్. దర్శకుడికి పాతికేళ్లు దాటవు. నాయిక లంగా ఓణీ కుచ్చెళ్లు పిన్నీసులతో సరిచేసుకుంటోంది. చేతిలోకి బిందె కావాలి. తెచ్చింది ప్లాస్టిక్ బిందె, అది కెమెరాలో బాగా లేదు. దారిన పోతున్న ఒక ముసలమ్మను అడిగితే ఇంటికి వెళ్లి ఇత్తడి బిందె పట్టుకొచ్చింది. తోమి తెచ్చింది పాపం. షాట్ ఆరుసార్లు తీశారు. ప్రతిసారీ స్పీకర్‌లో పాట అదే చరణం దగ్గర మొదలయ్యేది, గట్టు కింద బర్రెలు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ మేతకు దిగేవి. అంత తక్కువ డబ్బుతో, అంత శ్రద్ధతో పని చేసే మనుషులను చూసి గౌరవం కలిగింది. సినిమా పాటకు వంద మంది డాన్సర్లు ఏమిస్తారో, ఈ పాటకు ఆ చెరువూ ఆ ఇత్తడి బిందే అది ఇచ్చాయి.

రెండు వైపుల వాళ్లనూ ఒకే ముడి వేసిన పాట ‘సారంగదరియా’. 2021 ఫిబ్రవరి చివర్లో లిరికల్ వీడియో వచ్చింది, దాన్ని మోసుకొచ్చిన ‘లవ్ స్టోరీ’ సినిమా సెప్టెంబరు 24న వచ్చింది. పల్లవి జనం పాడుకునేది, దాని మీద సుద్దాల అశోక్ తేజ చరణాలు కట్టారు, మంగ్లీ పాడింది, సాయి పల్లవి ఆడింది. అంతకు ముందే ఆ పాటను టీవీలో పాడి వినిపించిన జానపద గాయని కోమలి, మరి నా సంగతేమిటని అడిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తామని బహిరంగంగా చెప్పారు. ఆ రోజుల్లో జరిగిన వాదంలో రెండు పక్షాలూ నాకు న్యాయంగానే కనిపించాయి. నోటి పాటకు ఎవరు కర్త? పాడిన ప్రతివాళ్లూ ఒక మాట మార్చినవాళ్లే. సినిమాకు మాత్రం టైటిల్స్‌లో ఒక పేరు కావాలి. అట్లాగే యూట్యూబ్‌లో పెట్టే జానపద వీడియోకూ కింద రచన అని ఒక పేరు కావాలి. ఇక్కడ ఇద్దరిదీ ఒకటే అవసరం, ఒకటే చిక్కు. ఉత్తరాంధ్ర జనం పాడుకునే ‘నాది నక్కిలీసు గొలుసు’ 2020లో ‘పలాస 1978’ సినిమాలోకి వచ్చి ఊరూరా మోగింది. ఇవాళ దాన్ని ఎవరు పాడినా సినిమాలో ఉన్నట్టే పాడుతున్నారు. చరణానికి చరణం మారుతూ వచ్చిన పాట, ఒక బొమ్మ దొరకగానే మారడం మానేస్తోంది. నా బెంగ ఇదే.

మరో రెండు పాటలను పక్కపక్కన పెట్టి చూడాలి. ‘నాటు నాటు’ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? చంద్రబోస్ రాసింది, కీరవాణి కట్టింది, ప్రేమ్ రక్షిత్ ఆడించింది, 2023లో ఆస్కార్ తెచ్చుకుంది. మాటల్లో ఉన్నదంతా పల్లె. పోట్లగిత్త, జాతర, జొన్నరొట్టె. బొమ్మలో ఉన్నది కీవ్ నగరంలోని మారీన్‌స్కీ భవనం. 2021 ఆగస్టులో అక్కడ తీశారు, కొన్ని నెలలకే ఉక్రెయిన్ మీద యుద్ధం పడింది. సినిమా కథలో తెల్లదొరలదైన ఆ భవనం ముంగిట్లో దుమ్ము లేచేలా పల్లె మాటలకు అడుగులు వేయడంలోనే ఆ పాట బలమంతా ఉంది.

రాము రాథోడ్ రాసి, ప్రభతో కలిసి పాడి, తానే ఆడిన ‘రాను బొంబాయికి రాను’ దీన్ని తిరగేసింది. అక్కడ బొమ్మ పల్లెది, మాటల్లో మేడలూ చీరలూ ఉన్న మహానగరం. అతను ఊరిస్తాడు, ఆమె రానంటుంది. పెళ్లిళ్లలో జనం దానికి ఎగిరి ఆడుతున్నారు. నాకు మాత్రం మొదటిసారి విన్నప్పుడు ఆ ఊరి పేరు దగ్గరే మనసు ఆగిపోయింది. పాలమూరు జనానికి బొంబాయి అంటే మేడలు కాదు, మేడలు కట్టడానికి వెళ్లే వలస. మట్టి పనికి, మేస్త్రీ పనికి తరాలుగా ఆ ఊరికి పోయినవాళ్ల ఇళ్లలో, రాను అన్న ఒక్క మాటకు ఎంత బరువు ఉంటుందో ఊహించుకోవచ్చు. వీడియో ఆ బరువును చూపించలేదు, సరసంగా నడిపించింది. తప్పుపట్టను. నాట్లలో పాడే సరసపు పాటల్లో కూడా దుఃఖం ఎక్కడో అడుగునే ఉండేది. నాటు నాటులో గెలవడానికి వెళ్లిన పల్లె ఉంది, ఇందులో కదలనని మొరాయించిన పల్లె ఉంది. రెంటిలోనూ మనిషి తన ఊరి మట్టిని వదలకపోవడమే ఉంది.

మనుషులు కూడా ఇటు నుంచి అటు నడిచినవాళ్లే. ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడిన రాహుల్ సిప్లిగంజ్ ఎవరు? ‘గల్లీ కా గణేష్’ లాంటి పాటలు సొంతంగా చేసుకుని యూట్యూబ్‌లో పెట్టిన హైదరాబాదీ కుర్రాడు. చిన్నపిల్లగా ‘ఆడపిల్లనమ్మా’ పాడి ఏడిపించిన మధుప్రియ 2017లో ‘ఫిదా’లో ‘వచ్చిండే’ పాడింది. అటు నుంచి ఇటు వచ్చినదానికి ‘అల్లిపూల వెన్నెల’ ఉంది. 2021 బతుకమ్మకు తెలంగాణ జాగృతి చేయించిన ఆ పాటకు మిట్టపల్లి సురేందర్ మాటలు, ఏఆర్ రెహమాన్ సంగీతం, గౌతమ్ మేనన్ దర్శకత్వం. అందంగా తీశారు. పూలూ చీరలూ కళ్లకు పండగే. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల చప్పట్ల ఊపు మాత్రం అందులో నాకు దొరకలేదు.

లోపాలు రెండు వైపులా ఉన్నాయి, అవి కూడా అన్నదమ్ముల పోలికే. సినిమా పాటకు ఇరవైనాలుగు గంటల్లో ఎన్ని వ్యూస్ అన్న లెక్క పట్టుకుంది. ఆ లెక్క కోసం మొదటి పదిహేను సెకన్లలోనే స్టెప్పు పడాలి. చరణం నింపాదిగా విప్పుకునే పాటలు అరుదైపోయాయి. ఫోక్ వీడియోకూ అదే జబ్బు తగిలింది. బావా మరదలూ, పొలం గట్టూ, ఓణీ, డ్రోన్ షాటూ లేకపోతే పాట కాదన్నట్టయింది. ‘మా భూమి’లో గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడిన దృశ్యం చూసినవాళ్లకు తెలుసు, జానపదానికి కోపం కూడా వచ్చు. గోరటి వెంకన్న పల్లె దుఃఖం పాడితే 2002లో ‘కుబుసం’ సినిమా దాన్ని తెర మీద పెట్టింది. ఇవాళ యూట్యూబ్ పల్లెలో అప్పు లేదు, ఎండిన బోరు లేదు, ముసలితనం లేదు. పల్లెవాళ్లే తీసుకుంటున్న బొమ్మలో పల్లె ఇంత సన్నగిల్లడం నన్ను బాధిస్తుంది.

అయినా ఈ వీడియోలను వదులుకోలేకపోవడానికి నాకు ‘బుల్లెట్టు బండి’ ఒక్కటి చాలు. ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాడిన మోహన భోగరాజు 2021లో పెళ్లికూతురి వేషం కట్టి తానే పాడి ఆడిన పాట అది. లక్ష్మణ్ రాశారు. అల్లారుముద్దుగా పెరిగిన పిల్ల, నువ్వొచ్చి తీసుకెళ్తే నీ వెంట వస్తానని పెళ్లికొడుకుతో చెప్పడమే విషయం. ఆ ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లి బరాత్‌లో పెళ్లికూతురు నడిరోడ్డు మీద దానికి ఆడింది. పెళ్లికొడుకు ముందు, అందరూ చూస్తుండగా. మన పెళ్లిళ్లలో పెళ్లికూతురు తల వంచుకుని కూర్చోవాలి, ఆడేది మగపిల్లలు. ఆ పిల్ల తల ఎత్తి నవ్వుతూ ఆడుతుంటే పక్కన నిలబడ్డ పెళ్లికొడుకు సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత ఎన్ని బరాత్‌లలో ఎందరు పెళ్లికూతుళ్లు ఆడారో! 2020లో కరోనా రోజుల్లో ‘బుట్టబొమ్మ’కు ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ తన ఇంట్లో భార్యతో కలిసి ఆడితే మనమంతా మురిసిపోయాం. ఆ పాట మనల్ని దూరదేశం దాకా తీసుకెళ్లింది. ఈ పాట ఒక ఆడపిల్లను పల్లకీ పక్క నుంచి రోడ్డు మధ్యకు తీసుకొచ్చింది. నాకు రెండూ కావాలి.

చెరువు గట్టు దగ్గర షూటింగ్ ముగిసే వేళకు ఎండ వాలింది. బిందె తిరిగి తీసుకోవడానికి వచ్చిన ముసలమ్మ స్పీకర్‌లో పాట వింటూ నిలబడి, ఇది మా పాటే, ఇంకా చానా ఉంటది అంది. కుర్రాడు వెంటనే కెమెరా ఆన్ చేయించి, పాడమ్మా అన్నాడు. ఆమె కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది, ఒక మాట అని ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది.

“ఉట్టిగ నిలబడి పాడుమంటె ఎట్లొస్తది బిడ్డా? నాట్లప్పుడు రాండ్రి. చేతులు బురదల ఉంటెనే యాదికొస్తది.”

కుర్రాడు ఫోన్ తీసి, ఈ ఊళ్లో నాట్లు ఎప్పుడు పడతాయమ్మా అని అడిగి రాసుకున్నాడు.