మూడో వంతు లెక్క

సిలిండర్‌లో 210 బార్ గాలితో దిగితే, గేజ్ ముల్లు 140కి రాగానే వెనక్కి తిరగాలి. ముందు ఎంత అందమైన గుహ ఊరిస్తున్నా సరే. ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, మిగిలిన వంతు జోడీగా వచ్చినవాడికి. గుహ చివర అతని గాలి మొత్తం పోతే ఇద్దరూ ఒకరి సిలిండర్ మీదే బయటపడాలి కదా. నీటి గుహల్లోకి వెళ్లే డైవర్లకు తొలిపాఠం ఇదే. దీని మీద కూడా తగాదా ఉంది.

ఎందుకంటే ఈ లెక్క కాగితం మీద సరిగ్గా సరిపోతుంది, ఒక్క ఊపిరి కూడా మిగలదు. గాలి అందక హడలిపోయినవాడు మామూలుకు రెట్టింపు పీలుస్తాడు. ఒండ్రు లేచి ఏమీ కనబడకపోతే తాడు తడుముకుంటూ రావాలి, వచ్చినంత వేగంగా పోలేరు. ఊట గుహలో అయితే ప్రవాహమే బయటికి తోస్తుంది కనుక గట్టెక్కుతారు. నీళ్లు లోపలికి లాగే గుహలో మూడో వంతు నమ్ముకోవడం చావు కొనితెచ్చుకోవడమే. అందుకని కొందరు ఇంకా ముందే తిరగాలంటారు.

సరదాకి రుషికొండ దగ్గర స్కూబా చేసేవాళ్లకు ఈ గొడవలు పట్టవు. తేడా వస్తే నెమ్మదిగా పైకి వచ్చేయొచ్చు. టెక్నికల్ డైవింగ్‌లో నెత్తిమీద కప్పు ఉంటుంది. గుహలో అది రాయి. లోతు సముద్రంలో అయితే కంటికి కనబడని కప్పు: ఒంట్లో కరిగిన వాయువు బుడగలు కట్టకుండా బయటికి పోవాలంటే మెట్టుమెట్టుకూ ఆగుతూ రావాలి. ఆగకుండా వస్తే కీళ్లనొప్పులు మొదలుకొని పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు.

ఈ విద్యకు ఒక రూపం ఇచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఫ్లోరిడా లెక్కల మాస్టారు షెక్ ఎక్స్‌లీ గురించి. గుహల్లో పోయినవాళ్ల కథలు ఒక్కొక్కటీ విప్పి, ఎక్కడ తప్పారో వెతికాడు. బయటిదాకా తెగని తాడు, గాలిలో మూడింట రెండు వంతులు తిరుగు ప్రయాణానికి, హద్దు దాటని లోతు. 1979లో పుస్తకంగా వచ్చిన ఆ సూత్రాలకు తర్వాత శిక్షణ, లైట్లు చేరాయి. చనిపోయినవాళ్ల గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవడం ఈ సంప్రదాయానికి ఆయన నేర్పిన అలవాటు. 1994లో మెక్సికోలోని సకటోన్ అనే నీటి బిలంలో, సుమారు 270 మీటర్ల లోతుకు దిగి, ఆయనే తిరిగి రాలేదు. కారణం ఇప్పటికీ తేలలేదు.

ఆ ఫ్లోరిడాలోనే, వకుల్లా ఊట చుట్టూ పనిచేసిన జట్టు నుంచి 90లలో ‘డూయింగ్ ఇట్ రైట్’ అనే పద్ధతి వచ్చింది. పేరులోనే తగువు ఉంది: మేం చేసేది సరైనదైతే మీరు చేసేది? ఆ జట్టుకు చెందిన జార్జ్ ఇర్విన్ తమ మాట వినని డైవర్లను ‘స్ట్రోక్స్’ అని ఈసడించేవాడు. ఆ నోటిదురుసు నాకు నచ్చదు. వాళ్ల పనితనం మాత్రం కాదనలేను. రెండు మీటర్ల పొడవు గొట్టం చూడండి. జోడీకి గాలి అయిపోతే పక్కన వేలాడే రెండో రెగ్యులేటర్‌ను వెతికి ఇవ్వడం పాత అలవాటు. వీళ్లు నోట్లో ఉన్నదే తీసి ఇస్తారు, గడ్డం కింద రబ్బరు తాడుకున్నది తాము పెట్టుకుంటారు. నోట్లోది పనిచేస్తోందని, ఆ లోతుకు సరిపడే వాయువే అందులో ఉందని అప్పటికే తెలుసు. పైగా భయపడ్డవాడు ఎలాగూ దానికే చెయ్యి వేస్తాడు. గొట్టం పొడుగు కనుక ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు రావచ్చు. ఇప్పుడు చాలా శిక్షణ సంస్థలు ఇదే నేర్పుతున్నాయి, ఎవరి దగ్గర నేర్చుకున్నాయో చెప్పకపోయినా.

మామూలు గాలితోనే 60, 70 మీటర్లు దిగడం మగతనంగా చెలామణి అయిన రోజులున్నాయి. ఆ లోతులో నైట్రోజన్ సారాలా మత్తెక్కిస్తుంది. హీలియం కలిపిన ట్రైమిక్స్ ఖరీదైనదే. అంతమాత్రాన మత్తులో లెక్కలు వేసుకోమనడం సలహా కాదు.

ఇక అసలు ఆసక్తికరమైన గొడవ ‘డీప్ స్టాప్’లది. హవాయిలో చేపలను పరిశోధించే రిచర్డ్ పైల్ లోతు నుంచి చేపలు తెచ్చేవాడు. దారిలో ఆగి వాటి ఈత తిత్తిలోని గాలిని సూదితో తీసిన రోజుల్లో తనకు అలసట తక్కువగా ఉందని గమనించాడు. అప్పటి పట్టికలు చెప్పినదానికన్నా లోతులోనే తొలి మజిలీ వేయడం అలా వాడుకలోకి వచ్చింది. బుడగలు పుట్టకముందే అణచేయాలన్న సిద్ధాంతమూ దానికి తోడైంది. పదేళ్లకు పైగా అదే వేదం.

అప్పుడు అమెరికా నౌకాదళ ప్రయోగశాల రెండు పద్ధతులనూ పోల్చింది. 52 మీటర్ల లోతు, 30 నిమిషాలు, మజిలీల మొత్తం సమయం రెండింటికీ ఒకటే. లోతు మజిలీలతో 198 డైవ్‌లలో 11 మందికి ఆ బుడగల జబ్బు చేసింది, పై మజిలీలతో 192లో ముగ్గురికే. ప్రయోగం మధ్యలోనే ఆపేశారు. 2011లో నివేదిక వచ్చింది. లోతులో ఆగినంతసేపూ త్వరగా నిండే కణజాలం ఖాళీ అవుతూనే ఉంటుంది, కానీ నెమ్మదిగా నిండేది ఇంకా నైట్రోజన్ పీల్చుకుంటూనే ఉంటుంది. ఆ బాకీ పైన తీర్చాలి.

‘మేం దిగేది అలా కాదు, వాళ్లు పీల్చింది మామూలు గాలి’ అని వాదించినవాళ్లు చాలామందే. ఆ అభ్యంతరంలో కొంత నిజం లేకపోలేదు. అయినా చాలామంది తమ డైవ్ కంప్యూటర్లలో తొలి మజిలీని పైకి జరుపుకున్నారు. ఎంత పైకి అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఈలోగా కొత్త రగడ రీబ్రీదర్ల మీద. వదిలిన ఊపిరినే శుద్ధి చేసి తిరిగి ఇచ్చే ఈ యంత్రంలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రసాయనం నింపడం మరిస్తే ప్రాణం పోతుంది. దిగేముందు ఐదు నిమిషాలు పీల్చి చూస్తే తెలిసిపోతుందనేది పాత నమ్మకం. రసాయనం తీసేసి పరీక్షిస్తే, ఐదు నిమిషాలూ ఏమీ పసిగట్టనివాళ్లు కూడా కనిపించారు. ఆ ఐదు నిమిషాలు దండగని ఒక వర్గం అంటోంది. ఆక్సిజన్ సెన్సర్లు సరిగా ఉన్నాయో లేదో అప్పుడే కదా తెలిసేదని మరో వర్గం ఇంకా పీలుస్తూనే ఉంది.