మద్రాసు ఇంగ్లీషు – తెలుగు వంటపేర్లు

ఒక మాటకు వేరొక భాషలో సమానమైన మాటను చెప్పుట సులభము. ఆ మాట తెలుపు వస్తువును చూపుట కష్టము. ఈ భేదము వంటపేర్లయందు స్పష్టముగ తెలియును. 1639లో ఇంగ్లీషువారు చెన్నపట్నమున స్థలము సంపాదించిన నాటినుండి తెలుగు, తమిళము, ఇంగ్లీషు ఒకే వీథిలో మెలగుచున్నవి. ఈ సాంగత్యమును గ్రంథస్థము చేసిన కోశకారుల కృషిని తెలుగు ఉపాధ్యాయుని దృష్టితో విమర్శించుట ఈ వ్యాసోద్దేశము.

1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' భారతదేశపు ఇంగ్లీషునకు ప్రసిద్ధమైన కోశము. దీనిని కూర్చినవారు హెన్రీ యూల్, ఆర్థర్ కోక్ బర్నెల్. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసునకు చెందినవాడు. తంజావూరున న్యాయాధిపతిగ నుండెను. గ్రంథము వెలువడకమునుపే 1882లో మరణించెను. ఇందలి భోజన పదములను పరికించినచో ఒక విశేషము గోచరించును. 'కర్రీ' తమిళ 'కఱి' నుండి వచ్చినది. 'ములిగటానీ' తమిళ 'మిళగు తణ్ణీర్', అనగా మిరియాల నీరు. దాని పుట్టుక మద్రాసుదేనని కోశకారులును అంగీకరించిరి. పెరుగునకు దక్షిణాదియందలి దొరలు వాడిన 'టయిర్' తమిళ 'తయిర్'. 'కాంజీ' తమిళ 'కంజి'. మనము ఆదియందు సరళముతో 'గంజి' అందుము. తమిళులు పరుషముతో పలుకుదురు. ఇంగ్లీషున పరుషమే నిలిచినది. ఆ మాట ఎవరి నోటినుండి వెడలినదో ఒక్క అక్షరమే సాక్ష్యము చెప్పుచున్నది.

అట్లని తెలుగు ఆ దొరలకు తెలియని భాష కాదు. దానిని వారు 'జెంటూ' అనెడివారు. 1816లో మద్రాసున అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణము పేరులోనే ఆ మాట కలదు. మరి తెలుగునుండి ఇంగ్లీషునకు పోయిన మాటలలో పేరుగన్నది ఏది? 'బాండికూట్'. అది మన పందికొక్కు. మన పకారము అచ్చట బకారమైనది. తరువాత ఆస్ట్రేలియా జంతువులు కొన్ని ఆ పేరును ధరించినవి. వంటపేర్లు తమిళమునుండి పోగా, ధాన్యమును దోచునది తెలుగునుండి పోయినది! ఆ ధాన్యముండు 'గొడౌన్' మలయా భాష ద్వారా వచ్చినదనియు, దాని మూలము మన గిడ్డంగి, తమిళ కిడంగులకు సంబంధించి యుండవచ్చుననియు చెప్పుదురు.

'హాబ్సన్-జాబ్సన్' పాండిత్యము గొప్పది. ప్రయోగములను కాలక్రమమున చూపిన తీరు నేటికిని ఆదర్శము. కాని దాని చూపు దొరల నాలుకవద్దనే ఆగినది. దొర పలికిన మాటకే అందు చోటు. పలుకని మాట అందు లేదు. ఇది కోశకారుల దోషము కాదు, కోశము పరిమితి. ఆ పరిమితిని మరచి, ఇంగ్లీషున పేరులేని వంటకమునకు ప్రత్యేకత లేదనుకొనుట మన దోషము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను మార్గము వేరు. కడప, మచిలీపట్నము, రాజమహేంద్రవరము మొదలగు చోట్ల ఉద్యోగించి, ఆయన జనవ్యవహారమును చెవియొగ్గి వినెను. 1852లో మద్రాసున తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. అన్యదేశ్యములని పండితులు త్రోసిపుచ్చిన మాటలకు చోటిచ్చుట ఆయన ఘనత. అయినను ఆయన గ్రంథము ఇంగ్లీషువారికి తెలుగు నేర్పుటకు పుట్టినది. మన పిల్లలు ఎదురుదిక్కునుండి వచ్చుచున్నారు; వారికి ఇంగ్లీషు అర్థము గమ్యము కారాదు.

నేడు పిల్లల చేతికందుచున్న పదపట్టికలలో 'చారు'నకు సూపు, 'పచ్చడి'కి చట్నీ, 'ఊరగాయ'కు పికిల్ అని యొక్కొక్క మాట చాలుననుకొనుచున్నారు. చారును చూడుడు. తెలుగున చారు వంటకము, రసము పండ్లను పిండగా వచ్చునది. తమిళమున 'రసం' వంటకము, 'సాఱు' పిండగా వచ్చునది. రెండు మాటలును రెండు భాషలలో నున్నవి, అర్థములు తారుమారైనవి. చెన్నపట్నపు తెలుగు బాలుడు 'రసము పోసికొంటిని' అని వ్రాసిన అది తప్పా? ఇరుగుపొరుగు భాషల ఇచ్చిపుచ్చుకొనుట అది. 'సూపు' అని వ్రాసినచో మాత్రము రెండును పోయినవి. పచ్చడియు నట్టిదే: మనకు నూరినది, తమిళులకు తరచుగ పెరుగు కలిపినది. ఇక కోస్తాలో బొబ్బట్లు, రాయలసీమలో ఓళిగలు, తెలంగాణలో బక్షాలు, తమిళమున పోళి – వీనినన్నిటిని 'తీపి పాన్‌కేకు' అనుట ఊరిలోని ఇండ్లన్నిటికి ఒకే తలుపు సంఖ్య వేయుట.

ఉచ్చారణయందును ఇట్టి తొందరపాటు తగదు. ఇంగ్లీషు 'బ్యాంకు'నకు తెలుగు అచ్చులో బ్యాంకు, బాంకు, బేంకు అను మూడు రూపములు కనబడును. మన లిపిలో ఆ అచ్చునకు ప్రత్యేకాక్షరము లేకపోవుటయే దీనికి కారణము. కాఫీని మనము మహాప్రాణమైన ఫకారముతో వ్రాయుదుము. తమిళమున 'కాప్పి' అని వ్రాయుట కలదు. ఒక్కొక్క భాష తనకున్న అక్షరములతో క్రొత్త ధ్వనిని పట్టుకొన్నది. ఇందు నవ్వవలసిన దేమియు లేదు, నేర్చుకొనవలసినది కలదు.

2006 నాటి తమిళ భాషాభ్యసన శాసనము తరువాత ఈ రాష్ట్రమున ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగ తమిళము అనివార్యమైనది. మన పిల్లలు మూడు లిపులు చదువుచున్నారు. వారి పాఠశాలలలో తెలుగునకు దొరకు సమయము స్వల్పము. ఆ స్వల్పమును పదపట్టికలు వల్లించుటకు వెచ్చింతుమా? గంజి–కంజి, చారు–సాఱు, అప్పడము–అప్పళము అని ప్రక్కప్రక్కన పెట్టి చూపినచో, తమిళము తెలుగునకు పోటీ గాక తోడగును. బాలుడు తన యింటి మాటకు సిగ్గుపడడు.

కావున రెండు పనులు చేయవలెను. పాఠ్యగ్రంథకర్తలు వంటపేర్లకు ఇంగ్లీషు పర్యాయములు మాని, దేనితో, ఎట్లు, ఏ పండుగకు చేయుదురో రెండు వాక్యములలో వివరించవలెను. ఈ నగరమందలి తెలుగు కుటుంబములవారు తమ యింట పెద్దలు వాడు వంటపేర్లను, పూర్వుల ఊరి పేరుతో సహా, వ్రాసి యుంచవలెను. దొరలు తమకు కావలసిన మాటలను ఏరికొని కోశము కట్టిరి. మనకు కావలసినవి మనమే ఏరికొనవలెను; వానిని చెప్పగల ముసలివారు ఇండ్లలో నుండగనే ఆ పని జరుగవలెను.