అడగక్కర్లేని ప్రశ్న అడగని పనితనం

మెయిల్ సర్వర్‌కు ఉత్తరం రాగానే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఈ చిరునామా గలవారు మన దగ్గర ఉన్నారా? పెద్ద సంస్థల్లో దీనికి జవాబు ఉద్యోగుల వివరాలుండే ఎల్‌డాప్ డైరెక్టరీలో దొరుకుతుంది. వేలమంది ఉద్యోగులున్న చోట, స్పామర్లు ఊహించి రాసిన పేర్లతో ఎడతెగకుండా తలుపు తట్టే చోట, ఈ చిన్న ప్రశ్నే సర్వర్ నడుం విరిచేస్తుంది. వీట్సె వెనెమా ఐబీఎం పరిశోధనశాలలో రాయగా 1998లో విడుదలైన మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ ఈ బరువు మోసే తీరు చూసి తీరాలి.

పోస్ట్‌ఫిక్స్ ఒకే పెద్ద ప్రోగ్రామ్ కాదు. తలా ఒక పని చేసే చిన్న చిన్న ప్రాసెస్‌ల సమూహం. మామూలు అమరికలో ఒక్కో సేవకు 100 దాకా ప్రాసెస్‌లు నడవవచ్చు. ప్రతిదీ డైరెక్టరీకి సొంత కనెక్షన్ తెరిస్తే, ప్రశ్నలకంటే ముందు కనెక్షన్లే దాన్ని ముంచేస్తాయి. అందుకే 'ప్రాక్సీమ్యాప్' అనే సేవ పుట్టింది. పెళ్ళింట్లో అందరూ కొట్టుకు పరిగెత్తకుండా ఒకరిద్దరు అందరి చీటీలూ పట్టుకెళ్ళినట్టు, కొద్ది కనెక్షన్లతోనే అందరి పనీ జరుగుతుంది. అదీ ముందుగా అనుమతించిన పట్టికలను చూడటం వరకే.

అంతకన్నా ముచ్చటైనది ఎల్‌డాప్ అమరికలోని 'డొమైన్' అనే ఒక్క వరుస. ఏ చిరునామా ఉత్తరం ఎవరికి చేరాలో చెప్పే మారుపేర్ల పట్టికను పోస్ట్‌ఫిక్స్ ఒక్కసారి చూసి ఊరుకోదు. పూర్తి చిరునామా దొరకకపోతే, మన డొమైన్ అయిన పక్షంలో ఉత్త పేరుతో, ఆ తర్వాత ఉత్త డొమైన్‌తో వెతుకుతుంది. పైగా బయటికి వెళ్ళే జీమెయిల్ చిరునామాల గురించి కూడా అడుగుతుంది. మన డొమైన్ల పేర్లు ఆ వరుసలో రాస్తే చాలు, వాటికి చెందిన పూర్తి చిరునామాలు తప్ప మరేదీ డైరెక్టరీ దాకా పోదు.

ఈ పొదుపులో నిజాయితీ తప్పకపోవడం మరీ గొప్ప. 'అలాంటివారు లేరు' అన్న జవాబుకు, 'డైరెక్టరీ పలకలేదు' అన్న స్థితికి మధ్య గీత ఎక్కడా చెరగదు. మొదటిదైతే 550 కోడ్‌తో తిరస్కారం. రెండోదైతే 451 కోడ్‌తో తాత్కాలిక వాయిదా, పంపిన సర్వరు మళ్ళీ ప్రయత్నిస్తుంది. డైరెక్టరీ కాసేపు పడిపోయినంత మాత్రాన ఎవరి ఉత్తరమూ 'చిరునామా లేదు' అని వెనక్కి పోదు.

డైరెక్టరీ కూడా తన వంతు చేయాలి. మెయిల్ చిరునామాకు ఇండెక్స్ లేకపోతే ప్రతి ప్రశ్నకూ మొత్తం నమోదులు తిరగేయాల్సిందే. ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్ కోసం హోవర్డ్ చూ రాసిన ఎల్ఎండీబీ డేటాబేస్‌లోనైతే, ఎవరైనా సమాచారం మారుస్తున్నా చదివేవాళ్ళు ఆగనక్కర్లేదు.

మెయిల్ సర్వర్లు చూసుకునే మిత్రులకు ఒక మాట. మెయిల్ నెమ్మదించిందని కొత్త యంత్రం కొనే ముందు ఆ డొమైన్ వరుస ఉందో లేదో, ఇండెక్స్ ఉందో లేదో చూడండి. జవాబు త్వరగా తెప్పించుకోవడం మంచి పనితనమే. అక్కర్లేని ప్రశ్న అడగకపోవడం అంతకంటే మంచి పనితనం.